మెట్లు మెట్లుగ గీసే నా పాత సిస్టం

తొంభైల నడుమ నల్లగొండల నాకొక డీటీపీ షాపుండేది. షాపంటే పెద్దమాట, నేను లోపలికి పోవాలంటే గాలి బయటికి రావాలె. అండ్ల ఒక కంప్యూటర్. అది ఆన్ అయ్యేలోపు నేను చాయ్ తాగి, పేపరు చదివి, పక్క దుకాణపాయనతోని పంచాయితి పెట్టుకొని, రాజీ కూడ పడి వచ్చేటోణ్ణి.

హైదరాబాదు నుంచి ఒక డీలరు వారం వారం దిగేటోడు. ఆయన టై బాయిల నీళ్లు చేదెటంత పొడుగు. "సార్, మీ కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ సిస్టం పాతదైపోయింది. కొత్త సిస్టం ఎక్కించుకోండి. దానికి తగ్గ మిషన్ కూడా కొనాలనుకోండి. లేకపోతే మీ గడప తొక్కేవాళ్లుండరు."

నవ్వి తప్పించుకుందునే గని, ఎదురుంగ కొత్త సిస్టంతోని ఒక షాపు తెరిచిండ్రు. పెండ్లికార్డులకు వచ్చేటోళ్లు నన్ను పరామర్శించి పోవుడు మొదలువెట్టిండ్రు. "శుభమా అని పెండ్లైతాంటే పాతదాంట్ల కొట్టిస్తరా అన్నా?" ఆ ముహూర్తాల నెల గట్లనే పోతే షాపు బంద్ చేసుడే.

గప్పుడొచ్చింది మగ్గం నేసే ఒక పెద్దమ్మ, తెల్లబట్టల చుట్టిన చీర సంకల వెట్టుకొని.

"బిడ్డ పెండ్లి చీర నేనే నేసిన. గీ అంచు మీది పువ్వు కార్డు మీదికి రావాలె. ఎదుటోళ్లు గీసిచ్చింది సూడు."

చూసిన. సబ్బుబిళ్ల మీది పువ్వులెక్క నున్నగున్నది. "మంచిగనే ఉన్నది గదమ్మా."

"ఏం మంచి? గడులు లెక్కవెట్టి, నూలుకు ముడులేసి రంగద్దితే మా పువ్వు మెట్లు మెట్లుగ వస్తది. గిది సూస్తే సుట్టాలు నేను బజార్ల కొన్నననుకుంటరు."

నా సిస్టంకు నున్నగ గీసుడు పుట్టుకతోనే రాదు. సున్న గీయమంటే కోటబురుజుకు మెట్లు కట్టేది. అన్నేండ్లు ఆ అవమానాన్ని గిరాకీల కంట పడకుండ దాచిన. ఆనాడు మాత్రం దర్జాగ గడి వెనుక గడి నింపుకుంట పోయిన. ఆమె చీరను తెర పక్కన పట్టుకొని, "ఇంకో గడి పైకి. జర ఆగు, ఎవలు తరుముతాండ్రు?" అనుకుంట నన్ను పొద్దూకే దాకా లేవనియ్యలే.

ప్రింటు తీసి చేతికిచ్చిన. అంచు మీద ఆనించి చూసింది. "ఆ, ఇది మా ఇంటిది," అన్నది.

కార్డులు తయారైనంక నాలుగు మూలలకు పసుపు రాసింది. ఆ చేత్తోనే కంప్యూటర్ తెరకు కూడ నాలుగు మూలల పెట్టింది. మళ్లవారం డీలరు దాన్ని చూసి, "పూజచేసి సాగనంపుతున్నారా సార్?" అన్నడు.

"లేదు. ఊరి పెండ్లిళ్లన్ని ఇదే ఒప్పుకున్నది," అన్న.

అది నా గొప్ప గాదు. ఆ కార్డులు నేతగాళ్ల ఇండ్లన్ని తిరిగినయి, వాళ్లు చీరలు పట్టుకొని నా దగ్గరికొచ్చిండ్రు, షాపు నిలిచింది. కొత్త సిస్టం నేనూ పెట్టుకున్న, కొన్నేండ్లకు, ఎవలు తరమకుండ, నాకు పుర్సత్ దొరికినంక. ఆ పుర్సత్ నాకు నేసి ఇచ్చింది ఆ పెద్దమ్మనే.