నూనె డబ్బా వాయిద్యం

వాయిద్యాల కొట్లో ఇరవై రెండేళ్లుగా సేల్స్‌మేన్‌గా ఉన్న ఆయనకి సరిగమల్లో 'స'కీ 'రి'కీ తేడా తెలియదు. ఆ సంగతి కొనేవాళ్లకీ తెలియదు. వయొలిన్ వాళ్ల చేతికిచ్చి, నాదం చూడండి అంటూ కళ్లు మూసి తల ఊపేవాడు. ఆ ఊపుకే సగంమంది పడిపోయేవాళ్లు.

ఆయన భార్య ఆస్పత్రి లాండ్రీలో రోజంతా దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఒకరోజు, కొట్లో మూల పడున్న చిన్న వాయిద్యం ఏదైనా ఉంటే తెచ్చిపెట్టమంది.

"నీకెందుకే ఇప్పుడవన్నీ? సంగీతమంటే మాటలా?" అన్నాడాయన.

ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. ఖాళీ అయిన నూనె డబ్బా కడిగి ఆరబెట్టింది. రెండు పక్కలా చిల్లులు పొడిచి, ఇల్లు తుడిచే మాపు విరిగిన కర్ర దూర్చింది. పాత సైకిలు బ్రేకు తీగ పురి విప్పి, సన్నటి పోగొకటి లాగి కర్ర పొడవునా బిగించింది. తీగ రేకుకి తగలకుండా కింద బట్టల క్లిప్పు సగం ముక్క నిలబెట్టింది.

మొదటివారం పిల్లి తోక తొక్కినట్టుండేది. ఆయన చెవుల్లోకి దూది వెతుక్కున్నాడు. మూడోవారానికి, ఇస్త్రీ దగ్గర ఆవిడ తీసే కూనిరాగం ఆ డబ్బాలోంచి ఉన్నదున్నట్టు వచ్చింది. ఇరుగుపొరుగు మెట్ల మీద చేరి వింటుంటే, అది ఉత్త రేకనీ, ఇట్టే తుప్పు పడుతుందనీ ఆయన ఎవరూ అడక్కుండానే చెప్పొచ్చాడు.

వాళ్లలో పై అంతస్తు సంగీతం మేష్టారు కూడా ఉన్నాడు. మర్నాడే కొట్టుకి వచ్చి, చిన్నపిల్లలకి నేర్పడానికి అలాంటివి నాలుగు కావాలన్నాడు. లేదనే మాట సేల్స్‌మేన్ నోటికి రాదు కదా. వచ్చేవారం స్టాకు వస్తుందని చెప్పేశాడు.

సాయంత్రం ఇంటికొచ్చి, నీళ్లు నములుతూ సంగతి బయటపెట్టాడు. ఆవిడ నవ్వలేదు.

"డబ్బా కొట్టడం మీకెలాగూ అలవాటే. చిల్లులు పొడవడం నేర్చుకోండి. తీగ నేను బిగిస్తాను."

తుప్పు గురించి ఎవరికి చెప్పాడో వాళ్ల ఇళ్లకే వెళ్లి ఖాళీ డబ్బాలు అడిగి తెచ్చుకున్నాడు. రెండు వేళ్లు కోసుకుని మొదటిది పూర్తి చేశాడు. ఆవిడ తీగ మీటి, కాస్త బిగించి, మళ్లీ మీటింది. స్వరం పెరిగిందా, తగ్గిందా చెప్పమంది. తగ్గిందన్నాడు. కాదంది. నాలుగో డబ్బా దగ్గర సరిగ్గా చెప్పాడు. గాలివాటంగా తగిలిందిలెమ్మంది ఆవిడ. కాదు, నిజంగానే వినిపించిందని ఒట్టు పెట్టుకున్నాడు.

నాలుగూ మేష్టారి ఇంటికి చేరాయి. అప్పట్నుంచీ మన సేల్స్‌మేన్ కూరల్లో నూనె ధారాళంగా పొయ్యమని పోరుతున్నాడు. ఐదోది తనకట.