తెల్లచీర కుచ్చిళ్ళు

లోపలి గదిలో ఉన్నవాళ్ళు: అమ్మ, నాన్న. గుమ్మం బయట, వీపు అటు తిప్పి, కొడుకుని నేను. ఉన్న వస్తువులు: గంజి పెట్టిన తెల్ల నేతచీర, పిన్నీసుల డబ్బా, దువ్వెన, కొబ్బరినూనె సీసా, నా చేతిలో ఫోను. అమ్మ కుడి చేతికి మోచేతి దాకా పిండికట్టు. నాలుగు రోజుల క్రితం బోరింగు దగ్గర జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

అది సంస్కారపు ఆదివారం, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. కారేపల్లి దాటాక అడవి వైపున్న మా ఊరి చర్చిలో, ప్రభు బల్ల ఉన్న రోజు ఆడవాళ్ళందరూ తెల్లచీర కట్టుకుంటారు. నాకు తెలిసి అమ్మ ఒక్క సంస్కారమూ తప్పలేదు. నైటీ మీద చున్నీ వేసుకుని రమ్మని నేను సలహా ఇచ్చాను. అట్లా వచ్చేదుంటే ఇంట్లోనే పడుకుంటానంది. అక్క భద్రాచలంలో నర్సు, ఆ రోజు డ్యూటీ. మా వీధిలో చర్చికి వెళ్ళే ఇల్లు మాదొక్కటే. మిగతా ఇళ్ళ ఆడవాళ్ళు పొద్దున్నే మిరప కోతకు ఆటోలెక్కారు. మిగిలింది నాన్న. ఏళ్ళ తరబడి బస్సు నడిపిన ఆయన చీర పట్టుకున్నది దుకాణంలో రంగు చూడటానికే.

నేను సివిల్ డిప్లొమా చదివి రోడ్డు పనుల్లో సర్వే చేస్తాను. వీడియో చూసి, పనిని దశలుగా విడగొట్టి, బయటి నుంచి చదివాను. కుడి నడుము దగ్గర దోపడం, ఒక చుట్టు, పైట కొలత, మిగిలిన గుడ్డకు ఐదంగుళాల కుచ్చిళ్ళు. నాన్న రెండుసార్లు కట్టాడు. రెండుసార్లూ గంజి చీర విసనకర్రలా విచ్చుకుంది.

మూడోసారి కడుతుండగా పక్కింటి పెద్దమ్మ వచ్చింది. వాళ్ళు ముత్యాలమ్మను కొలుస్తారు, చర్చికి రారు. అయినా అమ్మకు అక్క వరస. ఆమె ఎక్కాల్సిన ఆటో టైరు పంక్చరై ఆగింది. గుమ్మంలోంచి నాన్నను చూసింది.

"ఏంది మరిదీ, స్టీరింగనుకున్నవా? గట్ల తిప్పుతున్నవ్ చీరని."

నాన్న నవ్వలేదు. నవ్వితే వేళ్ళ మధ్య కుచ్చిళ్ళు జారతాయి. రెండు నిమిషాల పని, జరగమంటూ పెద్దమ్మ లోపలికి రాబోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ మాత్రం ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దక్కా. కట్టు ఇప్పేదాక ఆరు వారాలంట. రోజూ కైకిలి పని ఇడిసిపెట్టి నువ్వొస్తవా? ఆయన్నే నేర్వనీ."

"ఆయన నేర్సేసరికి చర్చి అయిపోతది."

"అయితే అయితది."

పెద్దమ్మ చెయ్యి వెయ్యకుండా నోటితోనే చెప్పింది. కుచ్చిళ్ళు దోపాక ఒకరు కింద కూర్చుని అంచులు లాగాలట. నా వీడియోలో అది లేదు. నాన్న పిన్నీసు పెట్టి, నేల మీద మోకాళ్ళూని, అమ్మ పాదాల దగ్గర ఒక్కో అంచూ పట్టి లాగాడు. ఇంకొంచెం కిందికి అని అమ్మ, సరే అని ఆయన. రోగంలోనూ ఆరోగ్యంలోనూ తోడుంటానని పెళ్ళిలో సంఘం ముందు చేసే ప్రమాణాన్ని నేను చాలాసార్లు విన్నాను. అది పని రూపంలో ఎట్లా ఉంటుందో అప్పుడు చూశాను. నాకూ సంబంధాలు చూస్తున్నారు. నా పెళ్ళికి నేను పెట్టుకున్న కొలత అదే.

రెండో పాటకల్లా చర్చిలో ఉన్నాం. అక్కడ మగవాళ్ళు ఎడమ పక్క, ఆడవాళ్ళు కుడి పక్క చాపల మీద కూర్చుంటారు. నాన్న అమ్మను కూర్చోబెట్టి ఇటు రావాలి. రాలేదు. లేచేటప్పుడు కుచ్చిళ్ళు జారితే ఒంటిచేత్తో పట్టుకోవడం ఆమె వల్ల కాదు. పైగా ప్రభువు రొట్టెను ఎడమచేత్తో ముట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు. ఆయన ఆమె పక్కనే చాప మీద కూర్చున్నాడు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"తోవ తప్పినవా అన్నా?" అంది వెనక వరసలో ఒకామె.

"తప్పలే. ఇయ్యాల నా సీటు ఇదే."

పాస్టరుగారు ఒక్క క్షణం చూసి, ప్రార్థన మొదలుపెట్టారు. రొట్టె వచ్చినప్పుడు నాన్న కుడిచేత్తో రెండు ముక్కలు తీసుకుని, ఒకటి అమ్మ నోటికందించాడు. గిన్నె కూడా ఆయనే పట్టాడు. చీర జారలేదు.

చివర్లో సంఘ పెద్ద ఎప్పటిలాగే హాజరు చదివాడు. ఏ పక్క కూర్చున్నవాళ్ళను ఆ పక్కే లెక్కపెట్టడం ఆయన పద్ధతి. పురుషులు ఇరవై ఆరు. స్త్రీలు, నాన్నతో కలిపి, నలభై మూడు.