ఏడో పేరుగా నిలబెట్టిన మనిషి

మా మేనత్త కొన్సోర్సియాను ఊళ్లో అందరూ సోర్సా అనే పిలుస్తారు. చంటిపిల్లల్ని తూచడం, గర్భిణులకు బీపీ చూడడం, దోమల మందు కొట్టే ముందు గడప గడపకూ వెళ్లి చెప్పడం ఆమె పని. ఆ పనిలో పెట్టేదీ తీసేసేదీ మా బరంగాయ్‌కి, అంటే మా ఊరికి, ఓట్లతో గెలిచి పెద్ద అయిన కపితానే. అందుకే ఆమె ఎవరి గురించీ మంచీ చెడ్డా పైకి అనేది కాదు. ఎన్నికల ముందు ఎవరు బియ్యం సంచి ఇచ్చినా తీసుకునేది, కానీ వండే ముందు ఒక గుప్పెడు కోళ్లకు వేసి చూసేది. నేను బడి మానేసి ఆమె దగ్గర చేరిన కొత్తలో నన్నూ కొన్నాళ్లు అలాగే కనిపెట్టి చూసింది.

కపితాన్ రుస్తికో వరసగా మూడుసార్లు గెలిచాడు. నాలుగోసారి వరసగా నిలబడడానికి చట్టం ఒప్పుకోదు. దాంతో తన జీపు డ్రైవరు తెర్యోను కపితాన్ పదవికి నిలబెట్టి, తాను కౌన్సిల్ సభ్యుడిగా పోటీ చేశాడు. సభ్యులు ఏడుగురు. కపితాన్ మధ్యలో దిగిపోతే, ఆ ఏడుగురిలో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లు ఆ కుర్చీ ఎక్కుతారు. క్రిస్మస్ వెళ్లాక తెర్యోకు నడుం నొప్పి రావాలని, ఆ వంకతో అతను దిగిపోవాలని ముందే అనుకున్నారు. ఈ సంగతి కోడిపందేల దగ్గర కూర్చునే ముసలివాళ్లకు కూడా తెలుసు.

తన జట్టులో ఆడవాళ్లు లేరని రుస్తికో మా అత్తను ఏడో పేరుగా నిలబడమన్నాడు. ఇంతమంది ఉండగా తననే ఎందుకు అడిగాడని ఆమె చాలాసేపు నన్ను వేధించింది. కాదంటే ఉన్న పని పోతుంది. ఎలాగూ గెలిచేది లేదు కదా అని సరేనంది.

రుస్తికో పొరబడింది అక్కడే. మా దగ్గర ఓటు చీటీ మీద పేర్లు చేత్తో రాయాలి. ఆయన మనుషులు చెప్పినట్టే ఏడు పేర్లూ రాశారు. ఆయనంటే గిట్టనివాళ్లు తమవాళ్ల పేర్లు రాసుకుని, చివర మా అత్త పేరు కూడా చేర్చారు. వాళ్ల పిల్లల్ని తూచిందీ ఆమే మరి. లెక్క తేలేసరికి కపితాన్ తెర్యో అయ్యాడు. సభ్యుల్లో మొదటి స్థానం మా అత్తది, రెండోది రుస్తికోది. ఓట్లు లెక్కపెట్టిన బడి గదిలో అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది రుస్తికోనే. నాకు భయం వేసింది.

గెలిచినందుకు తూకం పని వదులుకోవాల్సి వచ్చింది. ఏమీ ఎరగనట్టు ఉండి ఎంత పని చేసిందోనని నూతి దగ్గర ఆడవాళ్లు గుసగుసలాడేవారు. అత్తకు వాళ్ల మీదా నమ్మకం లేదు. తన మీద ప్రేమతో రాయలేదనీ, రుస్తికోను ఆపడానికి తనను అడ్డం పెట్టారనీ అనేది.

కపితాన్ అయినా తెర్యో జీపు తోలడం మానలేదు. మీటింగుకు వచ్చినప్పుడు ముందు దిగి, రుస్తికోకు తలుపు తీసి, ఆ తరువాత లోపలికి వెళ్లి పెద్ద కుర్చీలో కూర్చునేవాడు. ముందుగా ఎవరికి దండం పెట్టాలో తెలియక జనం జీపుకే పెట్టేవారు.

క్రిస్మస్ వెళ్లింది. తెర్యోకు నడుం నొప్పి రాలేదు. వస్తే కుర్చీ మా అత్తదవుతుంది.

జనవరిలో ఒక ఉదయం రుస్తికో బియ్యప్పిండితో కాల్చిన వేడి బిబింగ్కా రొట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నేను పరదా వెనక కాఫీ కలుపుతున్నాను.

"అక్కా, ముందు నువ్వు రాజీనామా ఇచ్చెయ్. తెర్యో తరవాత ఇస్తాడు. నీ తూకం నీకు మళ్లీ ఇప్పిస్తా. నీకెందుకీ రొచ్చు?"

ఆలోచించుకుంటానని అత్త అంది.

"ఆలోచించడానికేముంది? అసలు నిన్ను నిలబెట్టిందెవరు?"

"మీరేనండీ," అని అత్త తల వంచుకుంది.

మర్నాడు తెర్యో పెరటి వైపు నుంచి వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ అలా రాలేదు.

"పిన్నీ, మీరు మాత్రం దిగకండి. దిగితే మళ్లీ నాకు జీపే గతి."

"దిగకపోతే?"

"మీరుంటే నన్ను దిగమనే ధైర్యం ఆయనకుండదు. నేను దిగితే కుర్చీ మీకొచ్చేస్తుందిగా." అని నవ్వాడు.

"వస్తే ఏం? నేను కూర్చోకూడదా?"

తెర్యో నవ్వు ఆగిపోయింది. కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు.

తనను ఆ కుర్చీలో చూడాలని ఊళ్లో ఒక్కరికీ లేదని ఆ రోజు అత్తకు అర్థమైంది. దిగితే చేతికి అలవాటైన పని దొరుకుతుంది, అది కూడా రుస్తికో మాట మీద నిలబడితేనే. దిగకపోతే ఆ పని ఇక రాదు.

ఆ శనివారం మీటింగుకు నేనూ వెళ్లి కిటికీ బయట నిలబడ్డాను. తెర్యో జీపు దిగి నేరుగా లోపలికి వెళ్లిపోయాడు. రుస్తికో కాసేపు జీపులోనే కూర్చున్నాడు, తరువాత తలుపు తనే తీసుకున్నాడు. లోపలికి రాగానే, రాజీనామా కాగితం తెచ్చావా అని అందరి ముందూ అత్తను అడిగాడు.

అత్త లేచి నిలబడింది. ఆయన వైపు చూడలేదు.

"నేను దిగడం లేదు, కపితాన్. మీటింగు పుస్తకంలో రాయించండి," అని తెర్యోతో అంది.

తెర్యో రాయించాడు.

వారం తిరగకముందే, తెర్యో సంతకంతోనే, తూకం రుస్తికో మేనకోడలి చేతికి వెళ్లింది. దాన్ని ఎక్కడ తగిలించాలో కూడా ఆ పిల్లకు తెలియదు. అత్త ఆ దారిన వెళ్లడం మానేసింది. మొదట్లో కొందరు కోడిగుడ్లు, చేపలు తెచ్చి ఇచ్చారు. తరువాత ఆ మనుషులే కొట్టు దగ్గర వేరేలా మాట్లాడుకోవడం విన్నాను. పాపం రుస్తికో ఒకసారి కపితాన్ కుర్చీకి దూరంగా ఉన్నాడట, వచ్చే ఎన్నికల్లో దానికి నిలబడడానికి చట్టం అడ్డు రాదట, ఆయన హయాంలో రోడ్లు బాగుండేవట.

విన్నదంతా అత్తకు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. ఎండుచేప వేయిస్తున్న పెనం దించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీకు పద్దెనిమిది నిండాయిగా. ఓటరుగా పేరు రాయించుకున్నావా?"

ఎందుకని అడిగాను.

"సభ్యులకీ వరసగా మూడుసార్లేనంట. ఆ తరవాత నా చోట మనవాళ్లెవరో ఒకరుండాలి కదే."

పెద్ద ముక్క తీసి నా పళ్లెంలో వేసింది. నేను రాయించుకున్నదీ లేనిదీ ఆమెకు ఇంకా చెప్పలేదు.