సోయా కుప్ప మీద తాడు

చచ్చిపోయిన ఒక పిల్లగాని మీద నేను నింద వేసిన. ఏండ్లు గడిచినయ్. వాని మీదికెళ్లి ఆ నింద దిగలే, నా మీదికెళ్లి దాని బరువు దిగలే. ఇంట్ల ఎవలకూ తెల్వదు. కొడుకుకు తెల్వదు, కోడలుకు తెల్వదు, నా పక్కల పండే మనుమరాలుకు అసలే తెల్వదు. మీరెవలో నాకు తెల్వదు గనుకనే మీకు చెప్తున్న. ముఖం తెలిసినోళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఇన్నేండ్లు ఆగుదునా?

నేను మూడో తరగతి దాక చదివిన. రాత వంకర. తప్పులుంటే సర్దుకోండ్రి. రాతల తప్పుల సంగతే అంటున్న.

మాది ఆదిలాబాద్ దిక్కు అడవి అంచు ఊరు. దగ్గర్ల ఒక జలపాతం ఉన్నది. పేరు చెప్ప. వానకాలం వచ్చిందంటే కరీంనగర్ దిక్కుకెళ్లి కార్లల్ల, ఆటోలల్ల జనం వస్తరు. టికెట్లు చింపుడు, బండ్లు ఆపిచ్చుడు, చెత్త ఏరుడు, మెట్ల కాడ కాపలా, ఇయన్నీ ఫారెస్టోళ్లు మా ఊరి ఆడోళ్ల కమిటీకి ఇచ్చిండ్రు. కమిటీల నేనే పెద్దదాన్ని. మాట కరుకు, చెయ్యి పిసినారి. జనం పడేసిన ఖాళీ సీసాలు గూడ ఏరి ఇంటికి తెచ్చేదాన్ని. "పెద్దవ్వ నిలవడితే నీళ్లు గూడ లైన్లనే దుముకుతయ్" అని ఎనుకకెళ్లి నవ్వేటోళ్లు. నాకు ఇనపడేది. గర్వంగనే ఉండేది.

మెట్లు దిగినంక, నీళ్లు పడే గుండం అంచుకు ఇవతల, రెండు ఇనుప కంబాలకు అడ్డంగ లావు నైలాన్ తాడు కట్టేటోళ్లం. దాన్ని దాటి ఎవలూ పోవద్దు. వానలు మొదలయ్యే మిరుగం కార్తె నాడు కట్టుడు, దసరా ఎళ్లినంక ఇప్పేసుడు. ఏ ఆఫీసరూ చెప్పింది కాదు, నా లెక్క. మా అత్త కాలం సంది చూస్తున్న లెక్క. సద్దుల బతుకమ్మ నీళ్లల్లకు పోయిందంటే వాగు నెమ్మదైనట్టే. మేం చర్చికి పోయేటోళ్లం, బతుకమ్మ ఆడం. అయినా వాగు లెక్క మాత్రం మాకూ బతుకమ్మతోనే. దసరా అయినంక నీళ్లు సన్నగ, తెల్లగ పడేటియి. చిన్నపిల్లలు గూడ కాళ్లు పెట్టేటోళ్లు. అప్పుడు తాడు ఇప్పి ఇంటికి తెచ్చుకునేదాన్ని. మంచి తాడు, ఊకెనే ఎండకు చీకిపోవుడెందుకు? ఇంట్ల పనికొస్తది.

ఆ ఏడు మిరుగం ఎండలనే పోయింది. వినాయక చవితికి గూడ వాగుల రాళ్లే తేలి ఉన్నయ్. వచ్చినోళ్లు "నీళ్లే లేవు, టికెట్ దేనికి?" అని లొల్లి పెట్టుకునేటోళ్లు. లెక్క తప్పుతున్నదని నాకు అప్పుడే సమజ్ కావాలె. కాలేదా? అయ్యిందేమో. అయ్యిందని ఒప్పుకుంటే ఇన్నేండ్లు అందరి మీద చేసిన పెద్దరికం ఏమైతదని ఊకున్ననేమో. ఎంత తవ్వుకున్నా గీ ఒక్కటి నాకు తేలలే. దసరా కాంగనే ఎప్పటిలెక్కనే తాడు ఇప్పిన.

అప్పుడే సోయా కోసి చేన్ల కుప్ప పెట్టినం. కుప్ప మీద టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండ గదే తాడుతోటి చుట్టూ బిగిచ్చిన.

ఆ రోజు పొద్దున మంచి ఎండ. పగటిపూట గుట్టల మీద మబ్బు నల్లగ కూసున్నది. మా మీద చుక్క లేదు. కమిటీల నా తర్వాత లచ్చవ్వ, దాని పేరు మార్చి రాస్తున్న, చేనుకు ఉరికొచ్చింది.

"పెద్దవ్వా, పైన గుట్టలల్ల వాన దంచుతున్నదట. జనం మస్తున్నరు. తాడియ్యి, కట్టొస్త."

"దసరా ఎళ్లినంక వాగుకు తాడేందే? దీన్ని ఇప్పితే నా సోయా నానుతది. నువ్వే పోయి నాలుగు కేకలెయ్యి."

"నా కేకలు ఎవలింటరు? నీ నోరైతే ఇంటరు గని."

"అయితే నా నోరు మూట గట్టుకపో."

అది నవ్వింది. నేను గూడ నవ్విన. నవ్వుకుంటనే తాడును ఇంకో ముడి బిగిచ్చిన.

అది తిరిగిపొయ్యేసరికే గుట్టల మీదికెళ్లి నీళ్లు దిగినయట. మా దగ్గర వాన పడకముందే, ఎర్రగ, చెట్లకొమ్మలతోటి. గుండం కాడ ఉన్నోళ్లు ఒకలనొకలు గుంజుకొని మెట్లెక్కిండ్రు. ఒక్క పిల్లగాడు ఎక్కలే.

వాడు కరీంనగర్ దిక్కోడు. సాంచెల మీద బట్ట నేసేటోడు. సాంచెలంటే కరెంటు మగ్గాలు. పండుగకు సాంచెలు బందైతే వాళ్ల అవ్వను, కన్నతల్లిని, తీసుకొని జలపాతం చూపియ్య వచ్చిండు. ఆమెకు మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగలే, మీద బండ్ల కాడనే కూసున్నది. "నువ్వు దిగకుంటేమాయె, గుండం నీళ్లన్న తెస్త, ముఖం కడుక్కో" అని ఖాళీ సీసా పట్టుకొని దిగిండట. అందుకే ఆమె ఏం చూడలే. తాడు ఉన్నదో లేదో చూడలే.

కబురు అందంగనే నేనేం చేసిన? కాపాడ ఉరికిననా? కుప్ప కాడికి పోయి తాడు ఇప్పిన. గంపల పెట్టుకొని, మీద గడ్డి కప్పి, అడ్డదారిన గుండం కాడికి పోయిన. నీళ్లు జర తగ్గంగనే, ఆఫీసర్లు రాకముందే కంబాలకు కట్టిన. తాడు పోగులల్ల సోయా పొట్టు ఇరుక్కొని ఉండె. గోళ్లతోటి గీకిన. మొత్తం రాలే. పాణభయంతోటి ఎక్కినోళ్లు అప్పటికే బండ్లెక్కి పోయిండ్రు, మిగిలినోళ్లు పిల్లగాన్ని దేవులాడ వాగెంబడి పోయిండ్రు, ఎవలూ చూడలే.

మా ఆడోళ్లందరినీ పిలిచి ఒక్కటే మాట చెప్పిన. "తాడు ఉండె. వాడు దాటిండు. లేకుంటే గేటు బంద్, మన బువ్వ బంద్." లచ్చవ్వ నా ముఖం దిక్కు చూసి తల వంచుకున్నది. నా మాటకు మా దగ్గర ఎదురు లేకుండె. ఆ రోజన్న ఎవలన్న ఎదురు చెప్తే ఎంత బాగుండు అని ఇప్పుడనుకుంట. చెప్తే నేను ఇందునా?

పొద్దూకంగ, వాగు కింద చేపలు పట్టేటోళ్లకు దొరికిండు. ఒడ్డున పండపెట్టిండ్రు. వాళ్ల అవ్వ వాని ఛాతి మీద చెయ్యేసి కూసున్నది. నన్ను చూసి పెద్దదాన్నని పిలిచింది.

"అవ్వా, మా వాడు పిరికోడు. సాంచెల నిప్పురవ్వ లేస్తే గూడ దూరం ఉరికేటోడు. తాడు దాటిండంటే నాకు నమ్మబుద్ధైతలేదు. నువ్వు నీ కండ్లతోటి చూసినవా?"

"చూసిన బిడ్డా. దాటిండు."

"వద్దనలేదా ఎవలు?"

"వద్దన్నం. ఇనలే."

ఆమె వాని ముఖం దిక్కు చూసింది. "పెద్దమనిషి వద్దంటే ఇనకపోతివారా," అన్నది. అని ఛాతి మీది చెయ్యి తీసేసుకున్నది.

గా చెయ్యి తీసుడు నేను చూసిన. నీళ్లు వాన్ని చంపినయ్. తల్లి చెయ్యిని మాత్రం వాని మీదికెళ్లి నేనే తీసేసిన.

గేటు బంద్ కాలే. మా బువ్వ పోలే. సోయా గూడ తడవలే. అంత వాన మా చేన్ల పడనే లేదు. తాడు లేకున్నా ఆ కుప్పకు ఏం కాకపోవు.

తర్వాత మెట్ల కాడ ఒక బోర్డు పెట్టిండ్రు. తాడు దాటి ఒక యువకుడు ప్రాణం పోగొట్టుకున్నడు, మీరు దాటకండ్రి అని. నా అబద్ధం ఎర్ర రంగుల నిలవడ్డది. వచ్చినోళ్లు చదివి "గట్లెట్ల దాటిండో పాగల్" అనుకుంట దిగుతరు. నేను పక్కనే టికెట్లు చింపుత.

చర్చిల ఎవల పాపం వాళ్లు దేవునికి చెప్పుకోండ్రి అంటరు. కండ్లు మూసుకొని చెప్పిన, ఎన్నోసార్లు. దేవునికి చెప్పుడు సులువు. ఆయన నన్ను ఎదురు అడగలే, నా ముంగట చెయ్యి తీసుకోలే.

మొన్న వానకాలం కొత్త ఆఫీసర్ మీటింగ్ పెట్టిండు. వానల తీరు మారిపోయింది, గుండం ఏ నెల తెరవాలె, ఏ నెల మూయాలె, పెద్దమనిషివి నువ్వు చెప్పవ్వా అన్నడు. నాకు తెల్వదన్న. అందరు నవ్విండ్రు, పెద్దవ్వ నోట తెల్వదనే మాట వచ్చిందని. నిజంగనే తెల్వదు. ఒక ఏడు మిరుగం ఎండుతది, ఒక ఏడు దీపావళికి వాగు పొర్లుతది. ఫోన్ల ముందుగాల కబురొస్తదన్నరు. ఆ లోయల సిగ్నలే ఉండదు. ఇప్పుడు ఏడాది పొడుగునా తాడు కట్టే పెడుతున్నం. నీళ్లు లేనినాడు జనం నవ్వుకుంట దాటుతరు. నేను అరుస్త. నా నోరు గూడ ఇప్పుడు ఎవలూ ఇంటలేరు.

మీటింగ్ అయిన వారానికే ఆమె వచ్చింది. వాని అవ్వ. కట్టె పట్టుకొని ఒక్కతే. బోర్డు ముంగట నిలవడి, చదువుడు రాదేమో, పక్కనున్న ఒక పోరిని చదువుమన్నది. మొత్తం ఇన్నది. తర్వాత కొంగుతోటి బోర్డు మీది దుమ్ము తుడిచింది. నేను టికెట్ల బల్ల ఎనుక ఉన్న. లేస్తే నాలుగు అడుగులు. లేవలే. పోయేటప్పుడు నా దిక్కు చూసి దండం పెట్టింది. నేనూ పెట్టిన.

గా దండం సంది నిద్ర పడతలేదు. పోయి చెప్పాలెనంటే ఊరు పేరు తప్ప ఇల్లు తెల్వదు. తెలిస్తే పోదునా? పోనేమో. లచ్చవ్వ ముఖం గుర్తొస్తది, గేటు మీద బతికే ఇండ్లు గుర్తొస్తయ్. ఇయన్నీ సాకులో, నిజాలో, ఈ వయసుల నాకు వేరు చేయొస్తలేదు. మాఫీ అడుగుతలేను. అడిగే మొఖం లేదు. ఇంత రాసినంక ఛాతిల జర గాలి ఆడుతున్నది. ఇంక ఏం మారలే. బోర్డు అక్కడనే ఉన్నది.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెప్తున్న. బిడ్డా, నీ కొడుకును ఎవలూ వద్దనలే. వాడు మాట ఇననోడు కాదు. దాటుదామన్నా అక్కడ తాడు లేకుండె. తాడు నా సోయా కుప్ప మీద ఉండె.