వాడరేవు ఒడ్డున గాలం సీజన్, పచ్చగీత ఉన్న నీలం డ్రమ్ము

పురుగుమందు ఖాళీ అయిన డ్రమ్ములను అడుగున బొక్క పెట్టకుండా పాతసామాను లారీకి అమ్మేశారు. ఆ డ్రమ్ముల్లో వాడరేవు జాలర్లు మంచినీళ్లు పట్టుకుని తాగుతున్నారు. ఈ పని చేసింది మా గోడౌన్ యజమాని. ఆయన బ్లాగులు చదవడు. బిల్లులు కొట్టే కంప్యూటర్ ముందు కూర్చుని రోజంతా బ్లాగులే చదివే ఆయన బావమరిది చదువుతాడు. చదివి ఆయనకు వినిపించాలి.

నేను గుంటూరు బయట ఆ గోడౌన్‌లోనే పనిచేస్తాను. పెద్ద డ్రమ్ముల్లో వచ్చే మందును లీటరు సీసాల్లో నింపి మూతలు బిగించడం నా పని. పత్తికీ మిరపకీ మందు కొట్టే నెలల్లో మాకు ఆదివారం అనేది ఉండదు. ఈ అక్టోబరులో లోడు ఆలస్యమై ఒక ఆదివారం సెలవు దొరికింది. నా స్నేహితుడు యేసోబు ప్రత్తిపాడు వైపు పత్తి చేలల్లో కూలికి మందు కొడతాడు. ముందురోజు సాయంత్రం వచ్చి, "ఒరేయ్ బాజీ, వాడరేవులో ఒడ్డు చేప మొదలైందంట. నా ముక్కులో ఈ కంపు పోయి ఎన్నాళ్లయిందో. గాలాలేద్దాం పద" అన్నాడు. ఆదివారం చర్చి సంగతేంట్రా అంటే, "పాస్టరు గారికి ఒక చేప తెస్తానని చెప్పొచ్చాన్లే" అన్నాడు.

గుంటూరు బస్టాండులో చీరాల వెళ్లే మొదటి బస్సు ఎక్కాం. పొన్నూరు దాటే వరకు చీకటే. బాపట్ల దగ్గర తెల్లవారింది. రెండు పక్కలా వరి పచ్చగా కనబడుతుంటే, పత్తి చేలు తప్ప వేరే పని ఎరగని యేసోబు కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. చీరాలకు రెండున్నర గంటలు పట్టింది. అక్కడ ఇడ్లీ తిని, షేర్ ఆటోలో మనిషికి పది రూపాయలు ఇస్తే అరగంటలోపే ఒడ్డున దింపారు. ఆటో డ్రైవర్ మా చేతిలో గాలం తాడు చూసి నవ్వాడు. "మే నెల్లో వస్తారయ్యా అందరూ, ఎండలు కదా అని. అప్పుడు అలలు తప్ప ఏం దొరకదు. మీరే సరైన టైముకొచ్చారు. పోలయ్యనడగండి, చెప్తాడు."

పోలయ్య యాభై దాటిన మనిషి. నడుము లోతు నీళ్లలో నిలబడి, సీసం గుండు కట్టిన తాడును తలచుట్టూ తిప్పి వదిలితే అది మూడో అల అవతల పడింది. నేను విసిరింది మొదటి అల ముందే పడింది. "దగ్గర్లో ఎవరికైనా తగిలిద్దబ్బాయ్, చూసుకో" అన్నాడు. అరగంట నేర్పించాడు. ఎరకు పచ్చి రొయ్య, తల తీయకుండా గుచ్చాలి. అలలు విరిగే చోట కాదు, రెండు అలల మధ్య నీళ్లు నల్లగా కనిపించే పల్లంలో వేయాలి. పోటు ఎక్కుతుండగా వేయాలి, నీళ్లు వెనక్కి తీసే పాటులో వేస్తే ఇసుకే.

సీజన్ గురించి ఆయన చెప్పింది రాస్తున్నాను, వెళ్లేవాళ్లకు పనికొస్తుంది. వేసవిలో దక్షిణపు గాలి, పెద్ద అలలు, జెల్లలు తప్ప ఏవీ పడవు. వానాకాలంలో పొలాల మురుగు కాలవలు పొంగి తీపినీళ్లు సముద్రంలో కలిస్తే రొయ్య బయటికొస్తుంది. దాన్ని తరుముకుంటూ మాగ, పండుగప్ప ఒడ్డుదాకా వస్తాయి. తుఫాను వచ్చిపోయాక రెండు మూడు రోజులు మంచి వేట. చలికాలంలో నీళ్లు తేటపడతాయి, అప్పుడు కత్తిపరిగెలు గుంపులుగా తిరుగుతాయి.

"ఇదిగో సీజన్ మొదలైందని ఎట్టా తెలుస్తది బాబాయ్?" అని అడిగాను.

"ముందు గాలి ఉత్తరానికి తిరుగుద్ది. నీళ్లు ఎర్రబడతయ్. రొయ్య ఎగురుద్ది. ఆ వెనకే మా ఇళ్లల్లో కళ్లు తిరగడం, వాంతులు. అవి వచ్చినయ్యంటే మాగ వచ్చినట్టే" అని నవ్వాడు. "రెండు మూడేళ్ల నించి ఇంతే. గాలి చెడిపోయిందిలే. మా ఆవిడకి పొద్దుట్నించీ అదే."

నేను కూడా నవ్వాను. అప్పుడే యేసోబు తాడును చేప లాగేసింది. వాడు నీళ్లలో పడి, లేచి, మళ్లీ పడి, మోచేతి పొడవు మాగను ఇసుక మీదికి ఈడ్చాడు. "పాస్టరు గారిది!" అని అరిచాడు. "మూడొంతులు మనది" అన్నాను. అంత సంతోషం నాకు ఈ మధ్య గుర్తులేదు.

ఎండ ఎక్కాక దాహమేసింది. పోలయ్య పాకలో ఆయన భార్య మంగమ్మ చాప మీద కూర్చుని ఉంది, నెత్తిన తడిగుడ్డ. లేవలేక, "డ్రమ్ములో ముంచుకోండి నాయనా" అంది. యేసోబు గ్లాసు ముంచాడు. నేను డ్రమ్మును చూశాను. నీలం డ్రమ్ము. మూత కింద పచ్చ రంగు గీత.

ఆ గీత నాది. రెండు రకాల మందులు కలిసిపోకుండా, దింపుకున్న ప్రతి డ్రమ్ముకూ నేనే వేస్తాను. నా బ్రష్ పాతది, వెంట్రుకలు ఊడిపోయి గీత చివర రెండుగా చీలుతుంది. ఇక్కడా చీలింది. యేసోబు నోటి దగ్గరి గ్లాసును చేత్తో కొట్టాను.

"పిచ్చెక్కిందిరా నీకు?"

"అది మా గోడౌన్ డ్రమ్మురా."

వాడికి ఇంకో మాట చెప్పక్కర్లేదు. మందు కొడుతూ చేలో పడిపోయినవాళ్లను మోసినవాడు. వెంటనే మంగమ్మ ముందు గొంతుక్కూర్చుని కళ్లల్లోకి చూశాడు. పాకలో ఆ చీకట్లో కూడా కంటిపాపలు ఆవగింజలంత ఉన్నాయి. పెదాల పక్కన చొంగ. ఒళ్లంతా చెమట. "బాబాయ్, ఇది గాలి కాదు. ఆటో పిలువు" అన్నాడు.

"సబ్బేసి మూడుసార్లు కడిగాంరా!" అని పోలయ్య అరిచాడు, ఆటో కోసం పరుగెత్తుతూనే.

చీరాలలో డాక్టరు గారు చూసి అడిగిన మొదటి మాట, "ఈమె పత్తికి మందు కొట్టిందా?" పోలయ్య బిత్తరపోయాడు. "సముద్రంలో పత్తి ఏందండీ?" ఇంజెక్షన్లు ఇచ్చారు. సాయంత్రానికి మంగమ్మ మాట్లాడింది. ఆమె అడిగింది, ఆ పూట ఇంట్లో ఎవరైనా ఆ నీళ్లతో అన్నం వండారా అని. ఆ మాటకు పోలయ్య ఊరికి పరుగు తీశాడు. వెనకే మేమూ వెళ్లాం. పాకపాకకూ నీలం డ్రమ్ము. చాలావాటికి నా గీత.

పగలగొట్టండి అన్నాను. పోలయ్య నా చొక్కా పట్టుకున్నాడు. "ట్యాంకరు రెండ్రోజులకోసారి వస్తది. పగలగొట్టి దోసిట్లో పట్టుకోమంటావా? మీ ఓనరు తాగుతాడంట్రా దీంట్లో?" రేవులో ఇప్పటికి బిందెలతో నెట్టుకొస్తున్నారు. మంగమ్మ ఇంటికొచ్చింది.

సోమవారం యజమానిని అడిగాను. ఒకప్పుడు ఖాళీ డ్రమ్ముకు గునపంతో బొక్క పెట్టాకే బయటపడేసేవాళ్లం. తర్వాత ఆయనే, "కంపెనీవాళ్లు వెనక్కి తీసుకుంటున్నారు, బొక్కలు పెట్టొద్దు" అన్నాడు. ఇప్పుడేమో, "నేనమ్మింది పాతసామానోడికి. వాడు ఎవరికమ్మితే నాకేంటి? నువ్వు చేపలకి పోయావా, డ్రమ్ములు వెతకడానికి పోయావా?" అన్నాడు.

నాకు ఇంకా దిమ్మ తిరుగుతూనే ఉంది. మేం మందు కొట్టే నెలలూ, వాళ్లకు ఒడ్డుకు చేప వచ్చే నెలలూ ఒకటే. ఇక్కడ డ్రమ్ములు ఖాళీ అయ్యేదీ, అక్కడ వేట పెరిగి నీళ్లు ఎక్కువ కావలసి వచ్చేదీ ఒకే కాలం. మధ్యలో ఒక లారీ తిరుగుతుంది. గాలినీ నీళ్ల రంగునూ చూసి చేప రాకను చెప్పగలిగినవాళ్లు, మా విషాన్ని కూడా ఒక సీజన్ అనుకున్నారు. వెళ్లేవాళ్లకు ఒక్కటే చెబుతాను: అక్టోబరు నుంచి చలికాలం చివరిదాకా ఎప్పుడైనా, తెల్లవారుజామున పోటు ఎక్కే వేళకు వెళ్లండి, కానీ తాగే నీళ్లు ఇంటినుంచే పట్టుకెళ్లండి. దారిలో ఎక్కడ నీలం డ్రమ్ము కనబడినా మూత కింద చూడండి.

ఇక యజమాని గారికి. వాడరేవులో గీత ఉన్న ప్రతి డ్రమ్మునూ వెనక్కి తెప్పించండి. ఒక్కోదానికి బదులు కొత్త డ్రమ్ము ఇవ్వండి. మంగమ్మ ఆసుపత్రి ఖర్చు మీరు కట్టండి. జవాబు ఈ పోస్టు కిందే, అందరూ చదివేలా, శుక్రవారం సాయంత్రంలోగా రాయండి. శనివారం పొద్దున పాతసామాను లారీ వస్తుంది. జవాబు రాకపోతే గోడౌన్‌లో ఒక్క ఖాళీ డ్రమ్మూ నీళ్లు నిలిచేలా ఉండదు. గునపం నా దగ్గరే ఉంది.