తురియాతి కాపలా కాసిన డిజైన్లు

తురియాతికి నలభై మూడేళ్లు. బస్టాండు పక్కన పన్నెండేళ్లు ఫోన్లు బాగుచేసింది. ఇప్పుడు మైనంతో గీసి గుడ్డలకు రంగులద్దే మా బాతిక్ సహకార సంఘం సర్వర్‌కు ఆమే దిక్కు. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. అయినా ఆమె పనితనం మా ఊరు పెకలోంగన్‌లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ సర్వర్‌ను కొత్తదిగా మార్చిన నాలుగు రోజులూ ఆమె పక్క కుర్చీలో కూర్చున్నది నేనే.

సర్వర్ అంటే పెద్ద వింతేమీ కాదు. సంఘం మిద్దె మీద ఇనుప బల్లపై ఉన్న నల్లటి పెట్టె. కింద పెడితే సముద్రపు నీళ్లు వీధిలోకి వచ్చిన ప్రతిసారీ మునుగుతుంది. మా అరవై ఇళ్ల డిజైన్లు, పదకొండు వందల నలభై, అందులో ఫొటోలుగా ఉన్నాయి. ఏ డిజైను ఏ ఇంటిదో, ఎవరు చూడవచ్చో, ఎవరు చూడకూడదో కూడా అందులోనే ఉంది. పరాయి కంపెనీ దగ్గర దాస్తే రేపు మా డిజైన్లు కాపీ కొట్టే అచ్చు గుడ్డల వాళ్ల చేతికి పోవని నమ్మకం ఏముంది? అందుకే మా పెట్టె మేమే కొనుక్కున్నాం. మా అమ్మ గీసిన కొంగల డిజైను అసలు గుడ్డ ఉప్పునీళ్లకు కుళ్లిపోయింది. ఇప్పుడది ఆ పెట్టెలో తప్ప లోకంలో ఎక్కడా లేదు.

ఆ పెట్టెలోని ప్రోగ్రాం పాతబడింది. దాన్ని తయారుచేసినవాళ్లు ఆ పాతదానిలో దొంగలు దూరే కన్నాలు పూడ్చడం మానేశారు. నాలుగు వెర్షన్లు వెనకబడ్డామని, మార్చక తప్పదని తురియాతి సోమవారం సమావేశంలో చెప్పింది. సంఘం అధ్యక్షుడు జుహ్రికి తొందరెక్కువ.

“బటన్ కనబడుతూనే ఉంది కదమ్మా, నొక్కెయ్. మా మనవరాలు ఫోన్లో రోజూ నొక్కుతుంది.”

“మీ మనవరాలి ఫోన్లో పాటలుంటాయి, బాపక్. ఇందులో అరవై ఇళ్ల కూడుంది,” అంది తురియాతి. పెద్దవాళ్లలో మగవాళ్లను మేం బాపక్ అంటాం, ఆడవాళ్లను ఇబూ అంటాం.

“సరే, ఒకేసారి అన్నిటికన్నా కొత్తదానికి పో. మధ్యలో ఒక్కో వెర్షన్ ఎక్కడమెందుకు?”

నేను ఊరుకోలేకపోయాను. “నీలం ఆరకముందే గోధుమ రంగులో ముంచుతావా, జుహ్రి? ముంచుతావులే. మీ దుకాణం గుడ్డలు చూస్తే తెలుస్తూనే ఉంది!”

ఆడవాళ్లంతా నవ్వారు. జుహ్రి చెవులు ఎర్రబడ్డాయి. “శుక్రవారం నమాజు దాకా చూస్తా. అప్పటికీ కాకపోతే సెమరాంగ్ పట్నం నుంచి కుర్రాళ్లను పిలిపించి పెట్టె వాళ్లకిస్తా,” అని లేచిపోయాడు. ముక్కూమొహం తెలియనివాళ్ల చేతుల్లో మా అమ్మ కొంగలు!

మంగళవారం తురియాతి పెట్టెను ముట్టుకోలేదు. ఇంటి నుంచి తన పాత ల్యాప్‌టాప్ తెచ్చింది. గుడ్డంతా రంగులో ముంచే ముందు మేం చిన్న పేలిక ముంచి చూస్తాం. ఆమె చేసిందీ అదే. ఆదివారం తీసిన నకలును హార్డ్ డిస్క్ నుంచి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. ఫొటోలన్నీ వచ్చాయి. కొంగలూ వచ్చాయి. కింద మా అమ్మ పేరు మాత్రం లేదు. దేనికీ పేరు లేదు, పరాయివాళ్లు చూడకుండా ఆపే తాళం లేదు. పదకొండు వందలూ ఒక్క కుప్పగా పడి ఉన్నాయి.

తురియాతి కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసింది. “తప్పు నాదే, ఇబూ. పేర్లూ తాళాలూ వేరే చోట ఉంటాయి, డేటాబేస్ అంటారు. నేను ఫొటోలకే నకలు తీస్తున్నా. దానికి తియ్యనే లేదు.”

“ఎన్నాళ్లుగా?”

“మూడేళ్లుగా.”

“మరి సోమవారమే ఆ బటన్ నొక్కి ఉంటే?”

“సాఫీగా అయిపోతే ఏం కాదు. మధ్యలో చెడితే డిజైన్లు మిగిలేవి, ఎవరివో తెలిసేది కాదు.”

ఒక్క సీతాకోకచిలుక రెక్క ఎవరిదన్న గొడవతో మా వీధిలో రెండు ఇళ్లు పంతొమ్మిదేళ్లు మాట్లాడుకోలేదు. పదకొండు వందల డిజైన్లకు ఎన్ని గొడవలో లెక్కేయడం నా వల్ల కాలేదు. అయినా అన్నాను: “మొహం వేలాడేయకు. చెడకముందే తెలిసిందిగా. పని చూడు.”

ఆమె ముందు చేసిన పని, జుహ్రి దగ్గరికి వెళ్లి తన తప్పు తానే చెప్పడం.

“మూడేళ్లు మమ్మల్ని ఉత్తి నమ్మకం మీద కూర్చోబెట్టావన్నమాట!” అని ఆయన ఎగిరాడు.

“అవును, బాపక్. ఇవాళ్టి నుంచి కాదు,” అంది.

బుధవారం పొద్దున్నే అందరికీ సర్వర్ తలుపు మూసింది. ఫోన్లో తెరిస్తే “పని జరుగుతోంది, ఆగండి” అని కనిపిస్తుంది. లేకపోతే పని మధ్యలో ఎవరో ఒకరు కొత్త ఫొటో పడేస్తారు. ఫొటోలు, డేటాబేస్, సెట్టింగులు, మూడింటికీ రెండేసి నకళ్లు తీసింది. ఒక డిస్క్ మా ఇంటి అటక మీద పెట్టించింది. రెండో దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. ఈసారి పేర్లొచ్చాయి, తాళాలొచ్చాయి. అప్పుడు ల్యాప్‌టాప్‌లోనే ఒక్కో వెర్షన్ ఎక్కించింది. మూడోదాని దగ్గర తెర తెల్లగా ఉండిపోయింది. నేను కుర్చీలోంచి లేచాను. ఆమె మాత్రం పటికబెల్లం నోట్లో వేసుకుని వెతికింది. ఫొటోలను చిన్నవిగా చూపించే అదనపు ప్రోగ్రాం ఒకటి మరీ పాతది, కొత్త వెర్షన్‌కు అతకలేదు. దాన్ని ఆపగానే తెర తెరుచుకుంది. ఆ సంగతి నోటు పుస్తకంలో రాసుకుంది.

“ఇక్కడ చెడింది కాబట్టి అక్కడ చెడనివ్వను,” అంది.

గురువారం అసలు పెట్టె. ఆ అదనపు ప్రోగ్రాం ముందే ఆపింది. మళ్లీ నకళ్లు తీసింది. ఒక్కో వెర్షన్ ఎక్కించడం, తప్పులేమైనా ఉన్నాయేమో చూడడం, ఆ తర్వాతే పైదానికి వెళ్లడం. నేను పనసకాయ కలిపిన మెగోనో అన్నం తిన్నాను. ఆమె పొట్లం విప్పలేదు. మధ్యాహ్నానికి నాలుగు వెర్షన్లూ అయిపోయాయి.

జుహ్రి మెట్లెక్కి వచ్చాడు. “అంతేనా? నేనేదో పెద్ద యుద్ధమనుకున్నా.”

“యుద్ధం నిన్న ల్యాప్‌టాప్‌లో అయిపోయింది, బాపక్. ముందు మీ ఇద్దరికే తలుపు తీశా, మీ ఫోన్ తీయండి. ఇబూ వాళ్ల కొంగలు తెరవండి.”

ఆయన కళ్లు మెరిశాయి. ఆ కొంగల కోసం ఎన్నేళ్లుగా ఆశపడుతున్నాడో నాకు తెలుసు. నొక్కాడు. “మీకు అనుమతి లేదు” అని వచ్చింది. మళ్లీ నొక్కాడు.

“రావట్లేదు. పాడుచేశావు.”

“పాడవలేదు. బాగుంది కాబట్టే రావట్లేదు.”

నా ఫోన్లో నేను తెరిచాను. కొంగలన్నీ ఉన్నాయి. కింద అమ్మ పేరు, రుమనా. జుహ్రి మెడ సాచాడు. నేను ఫోన్‌ను గుండెకు ఆనించుకున్నాను.

ఆయన తన ఫోన్ జేబులో పెట్టుకుని మెల్లగా అడిగాడు, “నా డిజైన్లూ ఇలాగే ఎవరికీ కనబడవు కదా?”

“కనబడవు, బాపక్,” అంది తురియాతి, అందరికీ సర్వర్ తలుపు తెరుస్తూ. “నిన్న ల్యాప్‌టాప్‌లో మీవి తెరుద్దామని ఇబూ రెండుసార్లు నొక్కి చూశారు. రాలేదు.”

జుహ్రి పగలబడి నవ్వాడు. నేను మెగోనో పొట్లం ఆమె ముందుకు తోసి, తిని నోరు మూసుకోమన్నాను.