మంద కాడ ఎవరుంటారు?

తొంభైల చివర్లో మా ఊరి మిషన్ బడిలో క్రిస్మస్ సెలవులిచ్చే రోజు మధ్యాహ్నం నాటకం ఆడించేవారు. బాలయేసు పుట్టాడని దేవదూత చెప్పగానే ముగ్గురు గొర్రెల కాపరులు పశువుల పాకకు పరుగెత్తే నాటకం. ఆరో తరగతిలో నాకూ కాపరి వేషం వచ్చింది. మా నాయన నిజంగానే గొర్రెల కాపరి. ఇంట్లో ఉన్న నల్ల గొంగడి కప్పుకుంటే చాలు, వాసనతో సహా పాత్ర వచ్చేస్తుంది.

నాకున్నది ఒకే మాట: "ఆహా, బాలుడు ఎంత ముద్దుగా ఉన్నాడు!" దాన్ని పదిహేను రోజులు పొయ్యికీ, కుండకీ, చెవుడున్న మా అవ్వకీ వినిపించాను. అంతవరకు బడిలో నన్ను పదిమంది ముందు నిలబెట్టింది గుంజిళ్లు తీయించడానికే మరి.

నాటకానికి ముందురోజు, మాకు నాటకం నేర్పే సిస్టరమ్మ అడిగిందని నాయన ఒక గొర్రెపిల్లను చంకన పెట్టుకుని బడికి వచ్చాడు. మేం సాధన చేస్తుంటే కాసేపు నిలబడి చూశాడు.

"సిస్టరమ్మా, ముగ్గురూ పోతాండారే, మంద కాడ ఎవరుంటారు?"

"దేవదూత వచ్చి చెప్పాడు కదన్నా, అందుకే వెళ్తున్నారు."

"వీళ్లకు చెప్పినాడు, సరే. తోడేలుకు గూడా చెప్పినాడా?"

సిస్టరమ్మ నవ్వింది. నవ్వి ఆలోచనలో పడింది. అక్కడే నా కొంప మునిగింది. మావైపు మందను వదిలి అందరూ కదలరు. ఒకరు సంగటి తినబోతే ఇంకొకరు కర్ర పట్టుకుని నిలబడాల్సిందే. ఆ ఒకరెవరో తేల్చడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. లెక్కల్లో మందమతినైనా, మంద సంగతి నాకంటే తెలిసినవాళ్లు తరగతిలో లేరు. నా మాట పక్కపిల్లకు పోయింది.

ఇంటికి పోయే దారిలో నాయనకు పది అడుగుల ముందు నడిచాను.

"ఏంటికి మే, మూతి ముడుచుకున్యావు?"

"నా మాట పోగొట్టినావు."

"ఒక్కటే కదా! ఇంట్లో వెయ్యి మాట్లాడతావు."

మరునాడు ఇద్దరు కాపరులు పాకలోకి పోయారు. నేను వేదిక ఈ చివర, కర్రతో, గొర్రెపిల్లతో. మధ్యలో దుప్పటి అడ్డం. లోపల పుట్టిందెవరో కూడా కనబడదు. నా మాటను ఆ పిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా అనేసింది. తూర్పు దేశపు జ్ఞానులు కూడా వచ్చేశారు. నేను గొంగడితో ముక్కు తుడుచుకున్నాను.

అప్పుడు జనంలో కూర్చున్న నాయన లేచాడు. అందరూ చూస్తుండగానే వేదికెక్కి, నా చేతిలో కర్ర తీసుకున్నాడు.

"నేను చూసుకుంటాలే. నువ్వు పోయి చూసిరాపో."

జనం నవ్వారు. నేను పరుగెత్తాను. ఆ ఏడు కరువుకు వరిగడ్డి దొరక్క, కాయలు తెంపేసిన వేరుశనగ మొక్కల ఎండుకట్టె పరిచి ప్లాస్టిక్ బొమ్మను పడుకోబెట్టారు. బొమ్మకు ఒక కన్ను మూతపడిపోయింది. నేర్చిన మాటకు బదులు, "యబ్బ, ఎంత ముద్దుగుండాడో!" అని బయటికొచ్చింది.

తిరిగి చూశాను. నాయన కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు, జనాన్ని కాదు, గొర్రెపిల్లనే చూస్తూ.